సహాయంలో న్యాయం: అనంతపురం కరవు సీమలో గ్రంథాలయ నిధులు, గ్రంథపాలక శిక్షణ – ఒక నైతిక పరిశీలన

ప్రవేశిక

ఒక సహాయం న్యాయమైనదా కాదా అని తేల్చడానికి ఇచ్చే చేతిని చూడాలా, పుచ్చుకొనే చేతిని చూడాలా, లేక ఆ రెండు చేతుల నడుమనున్న షరతును చూడాలా? దానాన్ని గురించిన భారతీయ చింతన దేశం, కాలం, పాత్రత అనే మూడింటిని ప్రమాణాలుగా నిలిపింది. నేటి ప్రభుత్వ నిధుల పరిభాషలో పాత్రతకు ‘అర్హత’ అని పేరు. దేశకాలాలకు మాత్రం ఆ పరిభాషలో చోటు తక్కువ. నిబంధన అందరికీ ఒక్కటే కనుక అది నిష్పాక్షికమన్న విశ్వాసం పాలనా వ్యవహారంలో బలంగా నాటుకొని ఉంది. ఆ విశ్వాసం ఎంతవరకు నిలుస్తుందో గ్రంథాలయాలకు లభించే ఆర్థిక సహాయం, గ్రంథపాలకుల వృత్తివికాసానికి ఉన్న అవకాశాలు అనే రెండు అంశాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరిశీలనకు క్షేత్రం అనంతపురం.

2022లో శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడక ముందు అనంతపురం 19,130 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో ఆంధ్రప్రదేశ్‌లో అతిపెద్ద జిల్లా. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనసంఖ్య 40 లక్షలు దాటింది. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అత్యల్ప వర్షపాతం గల జిల్లాలలో ఇది ఒకటి. వేరుశనగను నమ్ముకొన్న మెట్ట సేద్యం, ఎండిన బోర్లు, బెంగళూరు దిశగా సాగే వలసలు ఈ సీమ జీవితానికి సాధారణ లక్షణాలు. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ మొదలుకొని సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి వంటివారి కథల వరకు ఈ సీమ సాహిత్యం కరవును కేవలం వాన లేమిగా చూడలేదు. మనుషుల నడుమ పంపకానికి సంబంధించిన ప్రశ్నగా కూడా చూసింది. గ్రంథాలయ నిధి విషయంలోనూ ఆ చూపు అవసరమే.

సమాన రేటు – అసమాన రాబడి

1953 వరకు అనంతపురం మద్రాసు రాష్ట్రంలో భాగం. స్వతంత్ర భారతదేశంలో తొలి గ్రంథాలయ చట్టమైన 1948 నాటి మద్రాసు చట్టం ఈ ప్రాంతానికి వర్తించింది. తరువాత వచ్చిన 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం జిల్లా గ్రంథాలయ సంస్థలను నెలకొల్పి, వాటికి ప్రధానాధారంగా గ్రంథాలయ పన్నును చూపింది. స్థానిక సంస్థలు ఇంటిపన్నుతోపాటు ఈ పన్నును వసూలు చేసి జిల్లా సంస్థకు జమచేయాలి. ప్రస్తుతం దాని రేటు రూపాయికి 8 పైసలు.

పైకి ఇంతకంటే సమానమైన నియమం మరొకటి కనబడదు. కాని లెక్కకోసం రెండిళ్ళను తీసుకొందాం. ఏడాదికి 5,000 రూపాయల ఇంటిపన్ను పడే నగరగృహం నుంచి గ్రంథాలయానికి 400 రూపాయలు వస్తాయి. 200 రూపాయల పన్ను పడే పల్లెటింటి నుంచి 16 రూపాయలు వస్తాయి. ఇద్దరు గృహస్థులూ ఒకే నియమాన్ని పాటించారు, ఒకే పాలు చెల్లించారు. అంటే ఇద్దరి ప్రయత్నమూ సమానమే. ఫలితంలో మాత్రం ఇరవైఅయిదింతల అంతరం ఉంది. పుస్తకం ధర ఈ అంతరాన్ని ఎరగదు. నగరంలో ఎంతో పల్లెలోనూ అంతే.

దీనికి కాలం కూడా తోడవుతుంది. పంట పోయిన ఏడు పన్నుల వసూలు మందగిస్తుంది. చదువుకొన్న యువకులు పోటీ పరీక్షల పుస్తకాల కోసం, దినపత్రికల కోసం శాఖా గ్రంథాలయం మెట్లెక్కడం ఆ ఏడే పెరుగుతుంది. అవసరం పెరిగే సమయమూ, ఆదాయం తరిగే సమయమూ ఒకటే కావడం ఈ ఏర్పాటులోని లోపం. వలస మరొక చిక్కును తెస్తుంది. ఈ సీమ నుంచి వెళ్ళిన కూలీలు బెంగళూరులో భవనాలు కడతారు. ఆ భవనాలపై పడే ఆస్తిపన్నుతో ముడిపడిన గ్రంథాలయ పన్ను, కర్ణాటక చట్టం ప్రకారం, అక్కడి గ్రంథాలయాలకు చేరుతుంది. కూలీ సొంత ఊరిలో మిగిలేది తాళం వేసిన ఇల్లు. శ్రమ ఒకచోట, ఆ శ్రమ కల్పించిన విలువపై పన్ను మరొకచోట, పుస్తకం అందని పిల్లలు ఇంకొకచోట. ఇందులో చట్టాన్ని ఉల్లంఘించినవారు ఎవరూ లేరు. చట్టాన్ని ఎవరూ ఉల్లంఘించకుండానే అన్యాయం ఏర్పడగలదా అన్నదే ఇక్కడి నైతిక ప్రశ్న.

సమానులను అసమానంగా చూడడమే కాక, అసమానులను సమానంగా చూడడమూ అన్యాయమేనని అరిస్టాటిల్ ప్రతిపాదన. అమర్త్య సేన్ 1979 నాటి ఉపన్యాసంలో సమానత్వాన్ని గురించి మాట్లాడేటప్పుడు దేనిలో సమానత్వమో ముందుగా తేల్చుకోవాలన్నాడు. గ్రంథాలయ పన్ను రేటులో సమానత్వాన్ని సాధించింది. పాఠకుడు చదవగలిగే అవకాశంలో సాధించలేదు.

జతనిధి తర్కం

స్థానిక రాబడి చాలనప్పుడు పైనుంచి వచ్చే సహాయం ఆ లోటును పూడ్చాలి. గ్రంథాలయ రంగంలో అటువంటి జాతీయ సంస్థ 1972లో కలకత్తాలో ఏర్పడిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్. దాని పథకాలు స్థూలంగా రెండు రకాలు. మ్యాచింగ్ పథకాలలో రాష్ట్రం తన వాటా సమకూర్చితే ఫౌండేషన్ తన వాటాను జతచేస్తుంది. నాన్ మ్యాచింగ్ పథకాలలో అటువంటి జత అవసరం లేదు. పుస్తక సేకరణ, భవనాలు, సామగ్రితోపాటు సదస్సులకు, శిక్షణ తరగతులకు కూడా సహాయం లభిస్తుంది.

జతనిధిని సమర్థించే వాదం బలహీనమైనది కాదు. తనవంతు వేసినవాడికి ఆ పనిపై మమకారం ఉంటుంది. ఉచితంగా వచ్చినది నిర్లక్ష్యానికి గురవుతుంది. పరాధీనత అలవాటు కాకుండా ఈ షరతు కాపాడుతుంది. ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమ చరిత్ర ఈ వాదానికి సాక్ష్యం చెబుతుంది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల పూనికతో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం ఏర్పడేనాటికి గ్రంథాలయ చట్టమూ లేదు, పన్నూ లేదు. ఊళ్ళు తమ చందాలతోనే పఠనమందిరాలను నిలుపుకొన్నాయి.

అయితే ఈ సాక్ష్యాన్ని పూర్తిగా వినాలి. స్వచ్ఛంద ఉద్యమం కాలువల కింది పంటసీమలో వేళ్ళూనినంత గాఢంగా మెట్టసీమలో వేళ్ళూనలేదు. దీనిని సంకల్పంలో తేడాగా భావించడం తొందరపాటు. మిగులు ఉన్నచోట సంకల్పం చందాగా మారుతుంది. మిగులు లేనిచోట సంకల్పం సంకల్పంగానే ఉండిపోతుంది. జతనిధి పరీక్షించదలచినది సంకల్పాన్ని. దాని కొలత మాత్రం శక్తిని కొలుస్తుంది.

జతకట్టే సంబంధం రాష్ట్రానికీ ఫౌండేషన్‌కూ నడుమ ఉన్నది కనుక జిల్లాల పేదరికానికి ఆ షరతు బాధ్యత వహించదని ఆక్షేపించవచ్చు. ఆక్షేపణ సరైనదే. అందువల్లనే రాష్ట్రంలోపలి పంపకానికి నైతిక భారం మరింత పెరుగుతుంది. రాష్ట్రస్థాయిలో జతకుదిరిన నిధిని జిల్లాలకు పంచేటప్పుడు పాఠకసంఖ్య, ఉన్న పుస్తకాలు, ఉన్న భవనం అనేవే ప్రమాణాలైతే, ఇదివరకే వృద్ధి చెందిన గ్రంథాలయమే మళ్ళీ ముందుంటుంది. కలిగినవారికే మరింత చేరే ఈ ధోరణిని విజ్ఞానరంగంలో గుర్తించి 1968లో రాబర్ట్ మెర్టన్ ‘మత్తయి ప్రభావం’ అని పేరుపెట్టాడు. అనంతపురం రైతుకు ఈ సూత్రాన్ని బోర్లు ఎప్పుడో నేర్పాయి. లోతుగా వేయించగలిగినవాడి బోరులో నీళ్ళు పడతాయి, పక్కవాడి బోరు ఎండిపోతుంది.

శిక్షణ ఎవరి సొత్తు?

నిధుల ప్రశ్న కన్నా వృత్తివికాస ప్రశ్న సూక్ష్మమైనది. నిధికోసం ప్రతిపాదన రాయడం, అంచనాలు తయారుచేయడం, వినియోగ ధ్రువపత్రం సమర్పించడం ఇవన్నీ నేర్చుకోవలసిన విద్యలు. అవి తెలిసిన గ్రంథపాలకునికి నిధి లభిస్తుంది. ఆ నిధితో శిక్షణ లభిస్తుంది. తెలియనివానికి నిధీ లేదు, దానిని పొందే విద్యను నేర్చే శిక్షణా లేదు. విత్తనం ఉంటేనే పంట, పంట ఉంటేనే విత్తనం అన్న మెట్టరైతు చిక్కు ఇదే.

వృత్తిలో ఉన్నవారి మధ్య కూడా అంతరం ఉంది. విశ్వవిద్యాలయ, కళాశాల గ్రంథపాలకులకు యూజీసీ నిబంధనల ప్రకారం పునశ్చరణ తరగతులు పదోన్నతితో ముడిపడి ఉన్నాయి. అందుకు వేతనంతో కూడిన అవకాశమూ, తరగతులను నడిపే కేంద్రాలూ ఉన్నాయి. పౌర గ్రంథాలయ శాఖలో పనిచేసేవారికి ఆ నిబంధనలు వర్తించవు. ఒకే వృత్తి, ఒకే శాస్త్రం. అయినా శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసే వ్యక్తికీ, మారుమూల మండలంలో శాఖా గ్రంథాలయం నడిపే వ్యక్తికీ మధ్య నేర్చుకొనే హక్కులో ఇంత దూరం ఉంది. తాత్కాలిక పద్ధతిపై పనిచేసేవారికి ఈ దూరం ఇంకా ఎక్కువ.

ఒక్క ఉద్యోగితో నడిచే శాఖా గ్రంథాలయం విషయంలో నిజమైన ధర్మసంకటం ఎదురవుతుంది. ఆ ఉద్యోగి మూడు వారాల శిక్షణకు వెళ్తే గ్రంథాలయం మూతపడుతుంది. వెళ్ళకపోతే నాలుగు గోడల నడుమ పాత అలవాట్లతోనే పని సాగుతుంది. నేటి పాఠకుని హక్కు ఒకవైపు, రేపటి పాఠకునికి అందవలసిన మెరుగైన సేవ మరొకవైపు. రెండూ న్యాయమైనవే. ఈ సంఘర్షణను ఉద్యోగి మనస్సాక్షికి వదిలివేయడంలోనే వ్యవస్థ తప్పుకొంటున్నది. త్యాగం చేసి శిక్షణ మానుకొన్న గ్రంథపాలకురాలిని నిబద్ధత గల ఉద్యోగిగా పొగడడం సులభం. కాని ఆ పొగడ్త, ఆమె స్థానంలో మూడు వారాలు మరొకరిని నియమించవలసిన బాధ్యతను కప్పివేస్తుంది. స్వయం వంటి అంతర్జాల వేదికలు సెలవు సమస్యను కొంత తీర్చగలవు. అయితే పని ముగిసిన తరువాత ఇంటిపనుల మధ్య చదువుకొమ్మనడం శిక్షణ ఖర్చును సంస్థ నుంచి వ్యక్తికి బదిలీ చేయడమే అవుతుంది.

ఈ సందర్భంలో ఎస్.ఆర్. రంగనాథన్ జీవితం ఆలోచింపజేస్తుంది. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం ఆయనను గ్రంథపాలకునిగా నియమించినప్పుడు ఆయన గణితోపాధ్యాయుడు. గ్రంథాలయ శాస్త్రంలో శిక్షణ లేదు. నియామకం జరిగిన తరువాతనే ఇంగ్లండులో అధ్యయనానికి వెళ్ళాడు. ఆ అధ్యయనం నియామకపు షరతులలోనే ఒకటి. సంస్థ ముందు నమ్మింది, తరువాత నేర్పించింది. దాని ఫలం 1929లో మద్రాసులో మొదలైన శిక్షణశాల, 1931 నాటి పంచసూత్రాలు, 1933 నాటి కోలన్ వర్గీకరణ. ఆ ఫలాన్ని అనుభవించినది ఆయన ఒక్కడే కాదు, దేశంలోని పాఠకలోకం. ఆంధ్రదేశంలో పాతూరి నాగభూషణం శిక్షణ కోసం పడిన తపనలోనూ ఇదే దృష్టి ఉంది. ఆయన పేరిట విజయవాడలో నేటికీ గ్రంథాలయ శాస్త్ర విద్యాలయం ఉంది. శిక్షణను వ్యక్తికి ఇచ్చే బహుమానంగా చూసినంతకాలం దానికి పోటీ, అర్హత, ఎంపిక అవసరమవుతాయి. పాఠకుని హక్కులో భాగంగా చూస్తే అది సంస్థ తీర్చవలసిన ఋణం అవుతుంది. ఋణం తీర్చడానికి దరఖాస్తు అడగరు.

నీరుగంటి ధర్మం

మరి పంపకానికి ప్రమాణమేమిటి? జాన్ రాల్స్ 1971లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, అసమానతలు అందరికన్నా వెనుకబడినవారికి ఎక్కువ మేలు చేసేవిగా ఉన్నప్పుడే సమర్థనీయాలు. ఈ భావానికి రాయలసీమలో పాత రూపమొకటి ఉంది. చెరువు కింద నీరు పారించే బాధ్యత నీరుగంటిది. అతడు భూస్వామి కాడు, నీటికి యజమాని కాడు. తూము దగ్గరి మడికి నీరు దానంతటదే చేరుతుంది, దానికి నీరుగంటి అవసరం లేదు. చివరి మడికి నీరు చేర్చడంలోనే అతని పనితనం తెలుస్తుంది. నీరు తక్కువైన ఏడు అతని అవసరం మరింత ఎక్కువ.

నిధుల పంపకంలో ఈ ధర్మాన్ని పాటించడమంటే మూడు మార్పులు. మొదటిది, రాబడిని కాక ప్రయత్నాన్ని కొలవడం. చట్టం నిర్ణయించిన రేటున పన్ను వసూలు చేసి, దానిని జాప్యం లేకుండా గ్రంథాలయ సంస్థకు జమచేసిన పంచాయతీ తనవంతు పూర్తిగా వేసినట్లే. ఆ వంతు 16 రూపాయలైనా 400 రూపాయలైనా జతకు సమానార్హత గలదే. రెండవది, దరఖాస్తు నేర్పును అర్హతగా కాక సేవగా భావించడం. ప్రతిపాదన రాయడంలో జిల్లాస్థాయి సంస్థ శాఖా గ్రంథాలయానికి తోడ్పడాలి. మూడవది, శిక్షణ నిధిలో ప్రత్యామ్నాయ ఉద్యోగి వేతనాన్ని విడదీయరాని భాగంగా చేర్చడం.

ప్రయత్నమే కొలత అయితే సోమరితనానికి రక్షణ దొరుకుతుందన్న అభ్యంతరం నిలువదు. వసూలు చేయని పంచాయతీకీ, వసూలు చేసి జమచేయని పురపాలక సంఘానికీ ఈ కొలతలో చోటు లేదు. నిజానికి రాబడి కొలతలోనే సోమరితనం దాక్కొనగలదు. సంపన్న పురపాలక సంఘం బకాయి పెట్టి కూడా, పేద పంచాయతీ పూర్తిగా కట్టిన దానికన్నా పెద్ద మొత్తం చూపగలదు. కనుక ప్రయత్నాన్ని కొలవడం దయకాదు, మరింత కచ్చితమైన లెక్క.

ముగింపు

ప్రతి పాఠకునికీ తన పుస్తకం దక్కాలన్నది రంగనాథన్ రెండవ సూత్రం సారాంశం. ఆ సూత్రంలో పాఠకుని ఊరు ప్రస్తావన లేదు, అతని ఇంటిపన్ను ప్రస్తావనా లేదు. షరతు లేని హక్కును షరతులతో కూడిన నిధిద్వారా నెరవేర్చబూనడంలోనే పైన చర్చించిన చిక్కులన్నీ పుట్టాయి. షరతులు అసలే వద్దనడం సాధ్యం కాదు, ప్రజల సొమ్ముకు లెక్క ఉండాలి. కాని షరతు దేనిని కొలుస్తున్నదో చూసుకోవలసిన బాధ్యత దానిని విధించినవారిది. సంకల్పాన్ని కొలుస్తున్నానని చెప్పి మిగులును కొలిచే షరతు, కరవు సీమను రెండుమార్లు శిక్షిస్తుంది. మొదటి శిక్ష ప్రకృతి వేసినది. రెండవది మనుషులు రాసుకొన్న నియమం వేసినది కనుక మనుషులే దానిని దిద్దగలరు.