ఖర్కాయి చెంత కీర్తన

పరదేశమున ప్రభువు పాట ఎట్లు పాడుదుమని బబులోను నదులయొద్ద కూర్చుండి కన్నీరు విడిచినవారి మొర 137వ కీర్తనలో నున్నది. ఆ ప్రశ్నకు జంషెడ్‌పూరున ఖర్కాయి నది చేరువనున్న కద్మాలోని తెలుగు క్రైస్తవులు ఏనాడో పాడియే బదులు చెప్పిరి. 1912లో ఇచ్చట ఉక్కు పోయుట మొదలైన పిమ్మట, ఉత్తరాంధ్ర, గంజాం సీమలనుండి రైలెక్కి కొలువులకై కాళీమాటి స్టేషనులో దిగిన మనవారిలో, చదువు వచ్చిన క్రైస్తవులు పుస్తకములోను, రానివారు కంఠములోను కీర్తనలను వెంట తెచ్చుకొనిరి.

'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను ఆ గ్రంథమునందలి పెక్కు పాటలకు కర్త పురుషోత్తమ చౌదరి. వంగమూలముగల బ్రాహ్మణ కుటుంబమున, పర్లాకిమిడి ప్రాంతమున 1803లో జన్మించి, 1833లో బాప్తిస్మము పొందిన ఆ కవి, పల్లవి, అనుపల్లవి, చరణములు అను మన కీర్తన చట్రమునందే, మన రాగతాళములతోనే, క్రీస్తు కథను ఇమిడ్చెను. వంగ వంశీయుడు తెలుగున కట్టిన పాట, వంగసీమ పొరుగున తెలుగువారి నాలుకపై తెలుగును నిలుపుచుండుట నాకు ముచ్చట గొలుపును.

కద్మాలో ఒక క్వార్టరునందు జరిగిన ప్రార్థన కూడికలో నేనొకనాడు కూర్చుంటిని. హిందీ బడిలో చదువుకొని తెలుగు లిపి నేర్వని మనుమడు, నాగరి అక్షరములలో వ్రాసికొన్న కీర్తనను చూచి పాడుచుండెను. హిందీవారి నాగరిలో మన హ్రస్వ 'ఎ'కారమునకు, 'ఒ'కారమునకు వేరు గుర్తులు లేవు; కావున వాని నోట అవి దీర్ఘములై, ఆ లఘువులు గురువులై, పాట తాళమును దాటిపోయెను. కంటిచూపు మందగించిన మామ్మ చాపపై అరచేతితో దెబ్బ వేయుచు, "దీర్ఘం తియ్యకురా బాబూ, తాళం పోతాది" అని, చరణము తానెత్తుకొని చివరివరకు పుస్తకము లేకయే పాడెను. ఆమె అంతకు ముందే నా పేరు రెండుమారులడిగి మరచియుండెను.

పస్కా భోజనానంతరము ప్రభువు శిష్యులతో కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లెనని మత్తయి వ్రాసెను. ఫిలిప్పీ చెరసాలలో పౌలు సీలలు నడిరేయి పాడిరి. వారి చేత నాడు పుస్తకమున్నట్లు ఎవరును వ్రాయలేదు. ఆపదవేళ తోడు వచ్చునది నోటికి వచ్చిన పాటయే గదా! నేటి కీబోర్డు హోరునందు పాత రాగముల అంచులు అరిగిపోవుచున్నవని నాకొక దిగులు; కొత్త పాటలపై కోపము లేదు.

సామాన్య ప్రతులలో కీర్తనపైన రాగము పేరు, తాళము పేరు ఉండునే కాని స్వరములుండవు. వరుస పెద్దల గొంతులోనే యున్నది. మీ ఇంట అట్టి మామ్మయో తాతయో ఉన్నయెడల, ఈ ఆదివారము ఆరాధన ముగియగానే వారి చెంత కూర్చుండి, ఒక్క కీర్తననైనను వరుసతో నేర్చుకొనుడు.