యతీముకు కావలసింది కంచమా, ఇల్లా?

రమజాన్ మాసం వచ్చిందంటే యతీంఖానాల వాకిళ్ళు కళకళలాడతాయి. బియ్యం బస్తాలు, కొత్త బట్టలు, ఇఫ్తార్ విందులు తరలివస్తాయి. పిల్లలు వరుసగా కూర్చుని దాతల కోసం దుఆ చేస్తారు. మన మనసుకు తృప్తి కలుగుతుంది. ఇది మంచి పనే, సందేహం లేదు. దాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు.

అయితే ఒక యతీంఖానాలో పన్నెండేళ్ళు పెరిగి బయటికొచ్చిన యువకుడొకరు మాతో అన్న మాట ఇప్పటికీ మా మనసులో మెదులుతూనే ఉంది. “అక్కడ నాకు అన్నానికి ఎప్పుడూ లోటు రాలేదు. కాని ఈద్ నమాజు అయ్యాక అందరూ ఆలింగనాలు చేసుకుని ఇళ్ళకు వెళ్తారు కదా! ఆ సమయంలో నేనెక్కడికి వెళ్ళాలో నాకు తెలియదు” అన్నాడాయన.

యతీము బాధ్యత అంటే అన్నం, బట్ట, చదువు సమకూర్చడమేనా? లేక అతను “మా ఇల్లు” అని చెప్పుకోగల చోటు కల్పించడమా? మనం చందా రసీదు అందుకోగానే ఆ బాధ్యత తీరిపోతుందా?

దైవప్రవక్త (స) బాల్యం

ఈ ప్రశ్నకు సమాధానం మన ప్రియప్రవక్త (స) జీవితంలోనే ఉంది. ఆయన పుట్టకముందే తండ్రి అబ్దుల్లాహ్ కన్నుమూశారు. ఆరేళ్ళ వయసులో తల్లి ఆమినా, ఎనిమిదేళ్ళ వయసులో తాతయ్య అబ్దుల్ ముత్తలిబ్ దూరమయ్యారు. ఆ తరువాత పినతండ్రి అబూతాలిబ్ చేరదీశారు. అబూతాలిబ్ సంపన్నుడేమీ కాదు, పైగా బహు సంతానం కలవారు. అయినా ఆ బాలుణ్ణి తన పిల్లల్లో ఒకడిగా కలుపుకున్నారు. నీవు అనాథగా ఉన్నప్పుడు నీకు ఆశ్రయం కల్పించలేదా అని అల్లాహ్ ‘జుహా’ సూరాలో గుర్తుచేసింది ఈ అనుగ్రహాన్నే. ఆ ఆశ్రయం ఒక భవనం కాదు. తాతయ్య ప్రేమ, పినతండ్రి ఇల్లు.

ముగ్గురు పోటీపడిన పాప

హిజ్రీ 7వ సంవత్సరంలో ప్రవక్త (స) ఉమ్రా ముగించుకుని మక్కా నుంచి బయలుదేరుతున్నారు. ఉహుద్ యుద్ధంలో అమరులైన హజ్రత్ హమ్‌జా (ర) చిన్నారి కూతురు “బాబాయ్, బాబాయ్” అంటూ వెంటపడింది. హజ్రత్ అలీ (ర) ఆ పాప చెయ్యి పట్టుకుని ఫాతిమా (ర)కు అప్పగించారు. ఆ తరువాత ఆమెను ఎవరు పెంచాలన్న దానిపై ముగ్గురు వాదులాడుకున్నారు. ఆమె మా పినతండ్రి కూతురన్నారు అలీ (ర). నాకూ అంతే, పైగా ఆమె పినతల్లి నా భార్య అన్నారు జాఫర్ (ర). ఆమె నా సోదరుని బిడ్డ అన్నారు హమ్‌జా (ర)తో ధార్మిక సోదర బంధం ఉన్న జైద్ (ర). పినతల్లి తల్లితో సమానమని చెప్పి, ప్రవక్త (స) ఆ పాపను జాఫర్ (ర) ఇంటికి అప్పగించారు. ఈ ఉదంతం బుఖారీ గ్రంథంలో ఉంది.

ఆలోచించండి! ఆనాడు ఒక అనాథ బాలికను తమ ఇంటికి తీసుకెళ్ళడానికి ముగ్గురు మహనీయులు పోటీపడ్డారు. ఈనాడు మన బంధువర్గంలో ఒక బిడ్డ తండ్రిని పోగొట్టుకుంటే, ఏ సంస్థలో సీటు ఖాళీగా ఉందా అని ముందుగా విచారిస్తున్నాం.

వేరు కంచం

అనాథల ఆస్తిని అన్యాయంగా తినేవారు తమ కడుపుల్లో అగ్నిని నింపుకుంటున్నారన్న హెచ్చరిక అవతరించినప్పుడు సహాబాలు వణికిపోయారు. తమ ఇళ్ళలోని యతీముల అన్నపానీయాలను తమవాటి నుంచి వేరుచేశారు. పిల్లలు తినగా మిగిలింది పాడైపోయినా ముట్టుకోలేదు. వారి ఉద్దేశం ఎంతో పవిత్రమైనది. కాని ఒకే ఇంట్లో ఆ బిడ్డ కంచం వేరైపోయింది. అప్పుడు ‘బఖరా’ సూరా 220వ వాక్యం దారి చూపింది. వారి మేలు చూడటమే ఉత్తమమని, వారిని కలుపుకుంటే వారు మీ సోదరులేనని, చెడు తలపెట్టేవాడెవడో, మేలు కోరేవాడెవడో అల్లాహ్‌కు తెలుసునని ఆ వాక్యం బోధించింది.

పాపభీతితో కూడా యతీమును వేరుగా ఉంచడం సరికాదన్నమాట. మరి మన సౌకర్యం కోసం వేరుగా ఉంచడం ఎలా సమర్థనీయం?

తల్లి ఉండగానే...

షరీఅత్ పరిభాషలో యతీము అంటే యుక్తవయసుకు ముందే తండ్రిని కోల్పోయిన బిడ్డ. అంటే తల్లి ఉండవచ్చు. మన సంస్థల్లోని ఎందరో పిల్లల తల్లులు బతికే ఉన్నారు. ఇంటి అద్దె, స్కూలు ఫీజు భరించలేక కన్నీళ్ళతో బిడ్డను అప్పగించి వెళ్తున్నారు. యుద్ధఖైదీల విషయంలో సైతం తల్లీబిడ్డలను విడదీసేవారిని ప్రవక్త (స) తీవ్రంగా హెచ్చరించారు. కేవలం పేదరికం కారణంగా మన మధ్యనే ఒక తల్లి నుంచి బిడ్డ విడిపోతుంటే, ఆ తల్లి చేతికే సహాయం అందించడం మన కర్తవ్యం కాదా?

2015 నాటి బాలల న్యాయ చట్టం కూడా సంస్థలో ఉంచడాన్ని చిట్టచివరి మార్గంగానే పేర్కొంది. వితంతు తల్లుల దగ్గర పెరిగే పేద పిల్లలకు ‘మిషన్ వాత్సల్య’ 2022 మార్గదర్శకాలు నెలకు 4000 రూపాయల సహాయం నిర్దేశించాయి. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు చేయాలని ఎందరు తల్లులకు తెలుసు? మస్జిద్ కమిటీలు ఈ ఒక్క పని చేసిపెట్టినా ఎంతో మేలు జరుగుతుంది.

“మన ధర్మంలో దత్తత లేదు కదా!”

ఈ మాట తరచు వింటుంటాం. ‘అహ్‌జాబ్’ సూరా వారించింది బిడ్డ వంశాన్ని మార్చడాన్ని. వారిని వారి తండ్రుల పేరుతోనే పిలవమంది. పెంచవద్దని అనలేదు. తండ్రి పేరు చెరపకుండా, సొంత బిడ్డలా పోషించే ఈ పద్ధతే ‘కఫాలత్’. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణం ఇస్లామీయ కఫాలత్‌ను పేరు పెట్టి ప్రస్తావించింది. యతీము సంరక్షకుడు స్వర్గంలో తనతో రెండు వేళ్ళంత చేరువగా ఉంటాడని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చింది ఈ సేవకే.

పరదా సమస్య వాస్తవమే. అందుకే అమ్మమ్మ, నానమ్మ, మేనమామ, పినతల్లి వంటి మహ్రమ్ బంధువులను మొదట చూడాలి. వారసత్వ వాటా ఉండదు కాబట్టి, మూడో వంతుకు మించకుండా వసీయత్ రాయవచ్చు, బతికుండగానే హిబా ఇవ్వవచ్చు. బంధువులు కానివారు పెంచదలిస్తే బాలల సంక్షేమ సమితి అనుమతి తప్పనిసరి.

పద్దెనిమిదేళ్ళు నిండగానే?

‘నిసా’ సూరా 6వ వాక్యం ఒక అద్భుతమైన క్రమాన్ని నేర్పుతోంది. యతీములను వివాహ వయసు వచ్చేవరకు పరీక్షిస్తూ ఉండాలి. వారిలో విజ్ఞత కనిపించినప్పుడు వారి ఆస్తిని సాక్షుల ముందు అప్పగించాలి. కొద్దిపాటి సొమ్ముతో బేరసారాలు చేయించి చూడటం ఆ పరీక్షలో భాగమని ధర్మవేత్తలు వివరించారు. అంటే వయసు ఒక్కటే చాలదు. జీవితాన్ని నడుపుకునే నేర్పు రావాలి, అది వచ్చేవరకు ఒక పెద్దదిక్కు పక్కన ఉండాలి.

కాని సంస్థల్లో జరిగేదేమిటి? పుట్టినతేదీ చూసి పెట్టె సర్దుకోమంటారు. అప్పటిదాకా కూరగాయలు బేరమాడి ఎరుగని పిల్లవాడు, బ్యాంకు గుమ్మం తొక్కని ఆడపిల్ల ఒక్కసారిగా లోకంలో పడతారు. 18 ఏళ్ళ తరువాత 21 ఏళ్ళ వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్ళు తోడ్పాటు అందించే వీలు చట్టంలో ఉంది. అయితే ఉద్యోగం పోతే ఫోన్ చేయడానికి, పెళ్ళి సంబంధం మాట్లాడటానికి, కాన్పుకు తీసుకెళ్ళడానికి చట్టం రాదు. మనుషులు రావాలి.

అలాగని యతీంఖానాలకు రేపే తాళాలు వేయమనడం లేదు. నా అన్నవాళ్ళు లేని బిడ్డలున్నారు. ఇల్లు అన్నంత మాత్రాన సురక్షితమూ కాదు. ఖుర్ఆన్ హెచ్చరికల్లో ఎన్నో ఇంట్లో ఉండి యతీము సొమ్ము తినే సంరక్షకులను ఉద్దేశించినవే కదా! కాబట్టి బిడ్డను ఇంటికి పంపాక నెలనెలా వెళ్ళి చూసిరావాలి, బిడ్డతో ఒంటరిగా మాట్లాడాలి. సంస్థ చేయగల గొప్ప సేవ ఇదే. ఎంతమందిని చేర్చుకున్నామన్నదే కాక, ఎంతమందిని ఒక ఇంటివారిని చేశామన్న లెక్క కూడా చూసుకోవాలి.

రాబోయే ఈద్ రోజున ఈద్గాహ్ నుంచి మనం తిరిగివచ్చేటప్పుడు, ఎటు వెళ్ళాలో తెలియక నిలబడ్డ ఒక యువకుడు కనిపిస్తే, సేమ్యా డబ్బా ఇచ్చి పంపేయకుండా ఇంటికి తీసుకెళ్దాం. మళ్ళీ ఈద్‌కూ రమ్మందాం. మధ్యలోనూ రమ్మందాం. అనాథల ప్రవక్త (స) అనుచరులుగా అనాథలను సోదరులుగా కలుపుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.