నునుపు ఎవరిది?

రెజీనా స్పెక్టర్ 2006లో ‘బిగిన్ టు హోప్’ ఆల్బమ్ తెచ్చినప్పుడు పాత శ్రోతల్లో కొందరు నొచ్చుకున్నారు. 1989లో, తొమ్మిదేళ్ల వయసులో, పియానోను మాస్కోలోనే వదిలేసి న్యూయార్క్ చేరిన మనిషి ఆమె. తొలి ఆల్బమ్‌లు సొంతంగానే విడుదల చేసుకుంది. ఒక చేత్తో పియానో వాయిస్తూ మరో చేత్తో కర్రతో కుర్చీని కొట్టే ఆ గరుకుదనమే ఆమె నిజమని, కొత్త ఆల్బమ్‌లోని డ్రమ్స్, ఎలక్ట్రానిక్ హంగులు ఆమెను నున్నగా చెక్కేశాయని వాళ్ల బాధ.

కానీ ఆ గరుకుదనం పుట్టుమచ్చ కాదు. శాస్త్రీయ సంగీతం నేర్చి, కంపోజిషన్‌లో డిగ్రీ చేసిన స్త్రీ ఎంచుకున్న పద్ధతి అది. గరుకుదనాన్ని ఆమె స్వభావానికీ, నునుపును నిర్మాత డేవిడ్ కాన్‌కూ కట్టబెడితే ఇక ఆమె చేసిన పనంటూ ఏం మిగులుతుంది? 2002 నాటి ‘సామ్సన్’ పాటను ఇందులో మళ్లీ పాడింది కూడా ఆమే.

మార్కెట్ ఒత్తిడి లేదని కాదు. పెద్ద కంపెనీ పెట్టుబడి పెట్టినప్పుడు ఏం వదులుకోవాల్సి వచ్చిందని అడగాల్సిందే. అయితే ఆ ప్రశ్న కంపెనీని అడగాలి. మారినందుకు ఆమెనే దోషిని చేయడం, మన ఇష్టాన్ని ఆమెకు హద్దుగా గీయడమే.