సగం వచ్చిన ఇంగ్లీషు

తొమ్మిదో తరగతి చదువుతున్న అబ్బాయి ఒకడు జుమా నమాజు అయ్యాక నన్ను ఆపి అడిగాడు: "మౌలానా సాబ్, బడిలో ఇంగ్లీషు పీరియడు రోజుకు ఒక్కటే. సారు పాఠం చదువుతారు, జవాబులు రాయిస్తారు, అంతే. ఇంట్లో ఎవరికీ రాదు. బడి బయట ఎలా నేర్చుకోవాలి? అసలు దీనికోసం అంత సమయం పెట్టడం దీన్ దృష్టిలో సరైనదేనా?"

రెండో ప్రశ్న తేలికైనదనుకున్నాను. ఇంటికి వచ్చాక అదే బరువుగా తోచింది.

హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) హిజ్రత్ నాటికి 11 ఏళ్ల పిల్లవాడని చరిత్రకారులు రాశారు. ఆ రోజుల్లో యూదులతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచేవి. వాటిని చదివించుకోవడానికి, రాయించుకోవడానికి వారి మీదనే ఆధారపడటం దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) గారికి నమ్మకంగా తోచలేదు. వారి లిపి నేర్చుకోమని జైద్‌ను ఆదేశించారు. సగం నెల తిరక్కుండానే నేర్చుకున్నానని ఆయన చెప్పినట్లు తిర్మిజీలో ఉంది. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలు చదివి వినిపించేవారు, పంపవలసినవి రాసేవారు. (సగం నెల అన్నారు కదా అని మన పిల్లలకు గడువులు పెట్టకండి. తర్వాతి కాలంలో ఖుర్‌ఆన్ సంకలన బాధ్యత అప్పగించబడిన జ్ఞాపకశక్తి అది!)

గమనించండి, ఆయనకు పరీక్ష లేదు, మార్కులు లేవు. నలుగురిలో గొప్పగా మాట్లాడాలన్న కోరికా లేదు. ఒకరి మాట ఇంకొకరికి పొల్లుపోకుండా చేరాలి, అంతే. అది అమానతు.

ఈ మాట నాకు ఆలస్యంగా అర్థమైంది. మద్రసాలో చదివే రోజుల్లో సెలవులకు ఇంటికి వస్తే, పొరుగున ఉండే ఖాలా ఒకామె తన కొడుకు గల్ఫ్ ఉద్యోగం కాగితం తెచ్చి చదవమంది. అంకెలు అర్థమయ్యాయి, జీతం అన్న మాట అర్థమైంది. కింద రెండు వరుసలు అర్థం కాలేదు. "రాదు" అనడానికి నామోషీ. "అంతా బాగానే ఉంది ఖాలా" అన్నాను. భోజనం ఖర్చు జీతంలోంచి కోస్తారని ఆ రెండు వరుసల్లో ఉందట. కుర్రాడికి అక్కడికి వెళ్లాక తెలిసింది. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. నేను ఇంగ్లీషు రాకపోవడం తప్పు కాదు. వచ్చినట్లు నటించడమే తప్పు. ఇమామ్ మాలిక్ (రహ్మలై) అంతటివారే ఎన్నో ప్రశ్నలకు "నాకు తెలియదు" అనేవారు!

కనుక ఆ అబ్బాయికి నేను చెప్పింది ఇది. అర్థం ముందే తెలిసిన దానితో మొదలుపెట్టు. ఇఖ్లాస్, ఫీల్, అస్ర్ సూరాల భావం నీకు ఉర్దూలో వచ్చు. వాటిని ఇంగ్లీషు అనువాదంలో చదువు. పిక్తాల్ అనువాదం ఉంది. ఇస్లాం స్వీకరించిన ఆ ఆంగ్లేయుడు 1925లో మన హైదరాబాదు వచ్చి చాదర్‌ఘాట్ హైస్కూలుకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. అనువాదం పూర్తి చేయడానికి నిజాం ప్రభుత్వం సెలవు ఇచ్చింది, 1930లో అది అచ్చయింది. అయితే అది పాతకాలపు ఇంగ్లీషు, ఆ భాషలో బస్సు కండక్టరుతో మాట్లాడితే ఆయన బిత్తరపోతాడు! చదవడానికి అది, మాట్లాడటానికి వార్తలు విను. ఫోనులో ఒక్క నిమిషం వార్త విని, ఆపి, అదే వాక్యం పైకి అను. కళ్లతో చదివింది నోటికి రాదు. హిఫ్జ్ చేసే పిల్లలను చూడు, పెదవులు కదలకుండా ఎవరికైనా వచ్చిందా? కొత్త మాటను నోటుబుక్కులో రాసి, మూడు రోజుల తర్వాత అర్థం మూసిపెట్టి నిన్ను నువ్వే అడుగు. వారానికొకసారి అన్నకో మామకో ఐదు వాక్యాల ఉత్తరం రాసి, పంపే ముందు సారుకు చూపించు. బడి బయటి చదువు అంటే సారును వదిలేయమని కాదు.

తల్లిదండ్రులతో ఒక మాట. పుస్తకాల కొరత కన్నా ఇంట్లోవాళ్ల నవ్వు పిల్లలను ఎక్కువగా ఆపుతుంది. ఒకడు 'ఇస్కూల్' అంటే చాలు, అక్కలు, అన్నలు పగలబడి నవ్వుతారు. మర్నాటి నుంచి వాడు నోరు విప్పడు. ఒకరినొకరు ఎగతాళి చేయవద్దని సూరె హుజురాత్‌లో అల్లాహ్ వారించింది బయటివారి గురించి మాత్రమేనా? ఇక నాలుగు ముక్కలు రాగానే అమ్మీ ఉర్దూకు, తెలుగుకు సిగ్గుపడే పిల్లవాడూ ఉంటాడు. భాషల వైవిధ్యం అల్లాహ్ సూచనల్లో ఒకటని సూరె రూమ్‌లో ఉంది. ఆ సూచనల్లో అమ్మీ భాష కూడా ఉందని వాడికి నెమ్మదిగా చెప్పండి.

మొన్న మా వీధి పెద్దాయన మందుల డబ్బా పట్టుకుని ఆ అబ్బాయిని పిలిచారు. వాడు పైకి చదివాడు. ఒక వరుస దగ్గర ఆగి, "ఇది నాకు తెలియదు చాచా, పదండి, మందుల షాపులో అడుగుదాం" అని ఆయన చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాడు.