కంటికందని గ్రహం ప్రత్యక్షమేనా?

నెప్ట్యూన్ కంటికి కనబడదు. హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ మేడల మీద వీధిదీపాల వెలుగుకు అంతకన్నా మెరిసే నక్షత్రాలే మాసిపోతాయి. అయినా ఆరంగుళాల టెలిస్కోపుకు కెమెరా బిగిస్తే కొద్ది సెకన్లలోనే నీలిచుక్క పడుతుంది. దాని చంద్రుడు ట్రైటన్ మరీ మసక. ఫొటోలెన్నో తీసి కంప్యూటర్లో ఒకదానిపై ఒకటి పేరిస్తే తప్ప తేలదు.

ఇలా చూడడం ప్రత్యక్షమా, అనుమానమా (గుర్తును బట్టి తేల్చుకున్నదా)? ఇంద్రియానికి విషయంతో కలయిక వల్ల పుట్టేదే ప్రత్యక్షమని న్యాయదర్శనం. ఇక్కడ కన్ను చూసేది తెరనే. అలాగని కళ్లజోడుతో చదివినదాన్ని ఎవరూ అనుమానమనరు. చిక్కంతా పేర్చడంలోనే: ఏ ఒక్క ఫొటోలోనూ లేనట్టున్నది కలిపితే కనబడుతోంది. నెప్ట్యూన్ విషయంలో చుక్క ఉందన్నది ప్రత్యక్షానికి దగ్గరే. అది గ్రహమన్నది మాత్రం అనుమానం. కొన్ని రాత్రుల తర్వాతి ఫొటోలో నక్షత్రాల మధ్య జరిగి ఉంటేనే ఆ మాట చెప్పగలం. చోటు మారి కనబడింది కనుక సూర్యుడు కదిలాడని వాత్స్యాయనుడి న్యాయభాష్యం ఇచ్చిన ఉదాహరణ సరిగ్గా ఇలాంటిదే. అసలు నెప్ట్యూన్ దొరికిందే లెక్కతో. యురేనస్ గతిలోని తేడాను బట్టి గణితజ్ఞుడు లెవెరియే చోటు చెప్పాడు, 1846లో బెర్లిన్‌లో ఖగోళవేత్త గాలె చూశాడు.

మరి నవగ్రహాల్లో నెప్ట్యూన్‌నూ చేర్చాలా? కనబడకపోవడమే అడ్డయితే రాహుకేతువులకూ చోటుండదు. ఖగోళగణితంలో అవి చంద్రుడి దారి సూర్యుడి దారిని ఖండించే బిందువులు. గుడిలోని నవగ్రహ మండపంలో ప్రదక్షిణ అందుకునేది ఫలమిచ్చే దేవత గనుక, కొత్త ఫొటోతో ఆ తొమ్మిదింటి లెక్క మారనక్కర్లేదు.