క్షమాభిక్ష ఎంతవరకు?

తప్పు చేసినవాళ్ళని క్షమించడం గొప్ప గుణమని మనం చిన్న తరగతుల నుంచి చదువుకుంటున్నాం. కానీ తప్పు జరిగిందో లేదో ఎవరూ తేల్చకముందే క్షమించేస్తే దాన్ని ఏమనాలి? అది దయా, రక్షణా, లేక ఎవరూ ఏమీ అడగకుండా తలుపు వెయ్యడమా? అమెరికాలో జరిగిన ఒక సంగతి చదివినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

డాక్టర్ ఆంటొనీ ఫౌచీ అమెరికా ప్రభుత్వపు అంటువ్యాధుల పరిశోధన సంస్థకి 1984 నుంచి 2022 వరకు డైరెక్టరు. ఎయిడ్స్ మీద ఎంతో పని చేశారు. కరోనా వచ్చినప్పుడు టీవీలో కనిపించి జాగ్రత్తలు చెప్పిన పెద్ద డాక్టరు ఆయనే. చాలామంది ఆయన్ని నమ్మారు. చాలామంది ఆయన మీద కోపం పెంచుకున్నారు. చైనాలోని ఊహాన్ ల్యాబు పరిశోధనకి అమెరికా డబ్బు వెళ్ళిన విషయంలో చట్టసభ ముందు ఆయన నిజం చెప్పలేదని కొందరు సభ్యులు ఆరోపించారు. ఆయన కాదన్నారు. చంపుతామని బెదిరింపులు కూడా వచ్చాయి.

2025 జనవరి 20న, తాను పదవి దిగిపోయే రోజున, అధ్యక్షుడు బైడెన్ ఆయనకి క్షమాభిక్ష ప్రకటించారు. అప్పటికి ఫౌచీ మీద ఏ క్రిమినల్ కేసూ లేదు. 2014 జనవరి 1 నుంచి క్షమాభిక్ష ఇచ్చిన రోజు దాకా, ఆయన ఉద్యోగానికి సంబంధించి ఏదైనా నేరం జరిగి ఉంటే అదంతా మాఫీ. దీన్ని తప్పు ఒప్పుకోవడంగా చూడొద్దని బైడెన్ అన్నారు. తాను ఏ నేరమూ చెయ్యలేదని ఫౌచీ అన్నారు.

ఇలా ముందుగానే క్షమించవచ్చా? అమెరికాలో క్షమించవచ్చు. నేరం జరిగాక ఎప్పుడైనా, కేసు పెట్టకముందు కూడా, అధ్యక్షుడు క్షమించవచ్చని 1867లోనే అక్కడి సుప్రీంకోర్టు గార్లండ్ కేసులో చెప్పింది. 1974లో ఫోర్డ్ కూడా నిక్సన్‌ని ఇలాగే క్షమించారు.

అయితే ఈ అధికారానికి హద్దులున్నాయి. అది కేంద్ర ప్రభుత్వ చట్టాల కింద వచ్చే నేరాలకే పనిచేస్తుంది. ఏదైనా రాష్ట్రం తన సొంత చట్టం కింద కేసు పెడితే అధ్యక్షుడి క్షమాభిక్ష అడ్డం రాదు. నష్టపరిహారం కోసం వేరేవాళ్ళు వేసే సివిల్ దావాలనీ అది ఆపదు. అన్నిటికంటే ముఖ్యం, ముందు ముందు చేసే నేరాలకి అది వర్తించదు. రేపు ప్రమాణం చేసి అబద్ధం చెబితే అది కొత్త నేరమే.

ఇంకో హద్దు నాకు చాలా ఆసక్తిగా అనిపించింది. నా మాటే నాకు ఎదురు సాక్ష్యం అవుతుంది కాబట్టి చెప్పను అనే హక్కు అమెరికాలో ఉంది. మన రాజ్యాంగంలో 20(3) అధికరణం కూడా నిందితులకి అలాంటి హక్కే ఇస్తుంది. కానీ శిక్షే లేదని తేలిపోతే ఆ కారణం చాలావరకు పోతుంది. బర్డిక్ అనే పత్రికా సంపాదకుడి చేత వార్త ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పించాలని అధ్యక్షుడు విల్సన్ ఆయనకి క్షమాభిక్ష ఇవ్వబోయారు. ఆయన వద్దన్నారు. వద్దనే హక్కు ఆయనకి ఉందని 1915లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. భిక్ష వేసేవాళ్ళు ఉంటే చాలదు, పుచ్చుకునేవాళ్ళూ ఉండాలి కదా!

మన క్లాసుకి వర్తింపజేసి చూద్దాం. కిటికీ అద్దం పగిలింది. ఎవరు పగలగొట్టారో తెలియదు. అప్పుడే హెడ్మాస్టరు గారు వచ్చి, 'రాముని ఎవరూ ఏమీ అనకండి' అన్నారనుకోండి. రాము పగలగొట్టకపోతే ఆ మాట వాడికి మచ్చ. పగలగొట్టి ఉంటే ఆ మాట వాడికి గొడుగు. ఏది నిజమో మిగతా పిల్లలకి ఎప్పటికీ తెలియదు. కానీ హెడ్మాస్టరు గారు, 'నిన్ను కొట్టను, ఏం జరిగిందో మాత్రం చెప్పు' అంటే? అప్పుడు ఆ క్షమకి ఒక అర్థం ఉంటుంది.

మన దేశంలో పద్ధతి వేరు. 72, 161 అధికరణాల ప్రకారం రాష్ట్రపతి గానీ గవర్నరు గానీ క్షమించేది కోర్టులో దోషిగా తేలినవాళ్ళని. ఆ నిర్ణయం కూడా కోర్టు చూడరానిది కాదు. ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఒక ఖైదీకి శిక్ష తగ్గిస్తే, 2006లో ఏపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మరి అంటువ్యాధి సమయంలో మన అధికారులకి రక్షణ లేదా? ఉంది. 1897 నాటి అంటువ్యాధుల చట్టం నాలుగో సెక్షను, ఆ చట్టం కింద మంచి ఉద్దేశంతో చేసిన పనికి కేసు పెట్టకూడదంటుంది. ఇది ఒక మనిషికి చివరి రోజున ఇచ్చేది కాదు, అందరికీ ముందే తెలిసిన నియమం.

బైడెన్ వైపు న్యాయం లేదని నేను అనను. రోగం కొత్తది, ఎవరికీ పూర్తిగా తెలియదు, నిర్ణయం మాత్రం ఇవాళే తీసుకోవాలి. ప్రభుత్వం మారినప్పుడల్లా పాత అధికారుల్ని జైల్లో పెడతామంటే రేపు ఏ డాక్టరు ధైర్యంగా సంతకం పెడతాడు? పగ తీర్చుకోవడం న్యాయం కాదు.

అయినా కరోనాలో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న పిల్లలు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. ఎవర్నో జైలుకి పంపితే వాళ్ళకి ఒరిగేది ఏమీ లేదు. ఏం జరిగిందో, ఏది సరిగ్గా చేశారో, ఏది చెయ్యలేదో తెలుసుకునే హక్కు మాత్రం వాళ్ళకి ఉంది. శిక్షని మాఫీ చేసే అధికారం అధ్యక్షుడికి ఉండొచ్చు. జవాబు చెప్పే బాధ్యతని మాఫీ చేసే అధికారం ఎవరికీ ఉండకూడదు. ఏ తప్పూ చెయ్యని అధికారికి కూడా అదే మేలు, ఎందుకంటే ఆయన మీద పడ్డ అనుమానాన్ని క్షమాభిక్ష తుడవలేదు, అందరి ముందూ బయటపడ్డ నిజమే తుడుస్తుంది.