మొదట కూర్చుండుడి

వాక్యభాగములు: లూకా 14:28–30, 1 కొరింథీయులకు 9:24–27



విరుదునగర్ జిల్లాలో పడమటి కనుమల క్రింద వత్రాప్ అను ఊరున్నది. శ్రీవిల్లిపుత్తూరు నుండి కృష్ణన్‌కోయిల్ మీదుగా వెళ్ళాలి. కొబ్బరి తోటలు, వరి పొలాలు, వాటికి ఆవల పిలవక్కల్ ఆనకట్టలు. ఆ జిల్లాలో, ప్రక్కనున్న కోవిల్‌పట్టి వైపున, ఇప్పటికీ ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు అనేకం. విజయనగర రాజుల కాలంలో, మధుర నాయకుల కాలంలో వారి పెద్దలు వలస వచ్చారు. చాలామందికి తెలుగు అక్షరం రాదు, అమ్మ నోట విన్నదే వారి తెలుగు. నిన్నగాక మొన్న ఊరు విడిచిన మనము వారిని చూచి నేర్చుకోవలసినది చాలా ఉన్నది గాని, అది మరొకసారి.

అక్కడ ఒక ఇంటి ప్రార్థన కూటమునకు వెళ్ళాను. భోజనాలైన తరువాత అరుగు మీద కూర్చొనియుండగా ఆ ఇంటి కుమారుడు నా దగ్గరకు వచ్చాడు. చెన్నైలో ఉద్యోగం, ముప్పై దాటిన వయస్సు. "అయ్యగారూ, ట్రయాథ్లాన్‌కు పేరు ఇవ్వాలని తీర్మానించుకొన్నాను. ప్రార్థన చేయండి" అన్నాడు.

అదేమిటో నాకు తెలియదు. అతడే వివరించాడు. మొదట 3.8 కిలోమీటర్లు ఈత, ఒడ్డుకు వచ్చిన వెంటనే 180 కిలోమీటర్లు సైకిలు, దిగిన వెంటనే 42.2 కిలోమీటర్లు పరుగు. అంతా ఒకే దినమున, సాధారణంగా 17 గంటలలోగా ముగించాలి. 1978లో హవాయి దీవులలో మొట్టమొదట జరిగినప్పుడు 15 మంది బయలుదేరితే 12 మంది ముగించారట. ఇందులో సగము దూరముది కూడా ఉన్నది, మన దేశంలో 2019లో గోవాలో మొదలైనది. అతనికి సగము వద్దు, పూర్తిదే కావాలి. "ఎలా చేస్తావు నాయనా?" అంటే "మనస్సులో నిశ్చయించుకొన్నాను కదా అయ్యగారూ" అన్నాడు.

నాకు సంతోషమే కలిగింది. పౌలు భక్తుడు చెప్పిన పందెమును గూర్చి నాలుగు మాటలు చెప్పి, ప్రార్థనకు తల వంచబోయాను. అంతలో అతని భార్య బిడ్డను చంకనెత్తుకొని గడప దగ్గర నిలిచి, "అయ్యగారూ, ఆ గంటలు ఎవరివో కూడా అడగండి" అన్నది.

ప్రియులారా, నేను తల ఎత్తవలసి వచ్చింది. సగము దూరానికే క్రొత్తవాడు అయిదారు నెలలు, వారానికి ఎనిమిది పది గంటలు సాధన చేయాలి. పూర్తి దూరానికి ఇంకా ఎక్కువ. తెల్లవారుజామున ఈత, సాయంత్రము పరుగు, వారాంతమున నాలుగైదు గంటలు సైకిలు. ఆ గంటలు ఆకాశము నుండి పడవు. బిడ్డను బడికి తయారుచేసే గంట, తల్లిని ఆసుపత్రికి తీసికొని వెళ్ళే గంట, ఆదివారపు ఆరాధన గంట, వీటిలోనుండే తీయాలి.

గోపురము కట్టదలచిన మనుష్యుని గూర్చి ప్రభువు చెప్పినప్పుడు, అతడు మొదట చేయవలసినది రాయి మోయుట కాదు, పునాది త్రవ్వుట కూడా కాదు. కూర్చుండుట, ఖర్చు చూచుకొనుట. పట్టుదల గలవానికి కూర్చుండుట కష్టము. మన యౌవనస్థులు పరుగెత్తమంటే పరుగెత్తుతారు, కూర్చోమంటే కాళ్ళు ఊపుతారు.

ఇక పౌలు మాట. కొరింథు పట్టణమునకు దగ్గరలోనే రెండేండ్లకొకసారి ఇస్థ్మియ క్రీడలు జరిగేవి. గెలిచినవానికి దేవదారు జాతి చెట్టు కొమ్మలతో చేసిన కిరీటము. కొన్ని దినములకు ఎండిపోయేది. పౌలు వ్రాసినది చదివినవారికి అది కన్నులార చూచిన సంగతి. అదే గ్రీసు దేశములో ఒలింపియా క్రీడలకు వచ్చువారు పది నెలలు నియమము తప్పక సాధన చేశామని ప్రమాణము చేసేవారని రెండవ శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ వ్రాశాడు. ఇంకొక సంగతి కూడా వ్రాశాడు. క్రీడలలో ఏ మోసమూ చేయమని క్రీడాకారునితో పాటు అతని తండ్రి, అతని సహోదరులు, నేర్పినవాడు కూడా ప్రమాణము చేయాలి. పరుగెత్తేవాడు ఒక్కడే, ఒట్టు పెట్టుకొనేది ఇల్లంతా. భార్యలను, తల్లులను అడిగినట్టు మాత్రము లేదు. అది ఆ కాలపు లోపము, మనము దిద్దుకోవచ్చును.

ఆ సాయంకాలము వారిద్దరూ ఒక నోటుపుస్తకము తీసికొని అరుగు మీద కూర్చున్నారు. పూర్తి దూరము కొట్టివేశారు. ఈ యేడు సగమే: 1.9 ఈత, 90 సైకిలు, 21.1 పరుగు. సైకిలు శనివారము తెల్లవారకముందే. ఆదివారము ముట్టరాదు. ఇది నేను చెప్పినది కాదు, ఆమె వ్రాయించినది. గురువారము సాయంత్రము బిడ్డ అతని దగ్గర. ఊరికి వచ్చినప్పుడు శ్రీవిల్లిపుత్తూరు దాకా సైకిలు తొక్కి, దిగిన వెంటనే కొంతసేపు పరుగు. అప్పుడు కాళ్ళు మొద్దుల్లా ఉంటాయట, అందుకే అలవాటు చేయాలట. జేబులో కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయి.

ఈత దగ్గర మాత్రము ఆగిపోయారు. చిన్నప్పుడు బావిలో నేర్చిన ఈతే తప్ప అతనికి సముద్రము తెలియదు. తల్లి భయపడింది. అప్పుడు నాకు గోలి శ్యామల గారు జ్ఞాపకము వచ్చారు. నలభై దాటిన తరువాత, నీళ్ళంటే ఉన్న భయము పోగొట్టుకొనుటకే ఈత నేర్చుకొన్న హైదరాబాదు ఆడపడుచు, 2021 మార్చిలో శ్రీలంక తీరము నుండి ధనుష్కోటి వైపునకు 13 గంటలకు పైగా ఈది వచ్చారు. చెప్పాను. తల్లి విని, "ఆమె వెనుక పడవ ఉన్నదా?" అని అడిగింది. ఉన్నదన్నాను. "అయితే వీడి వెనుక కూడా ఎవరైనా ఉండాలి" అన్నది. నేర్పేవారు లేకుండా సముద్రములో దిగరాదని పుస్తకములో ఆ మాట కూడా ఎక్కింది. అప్పుడు అందరము ప్రార్థన చేశాము.

ఆ రాత్రి మధుర బస్సులో నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏండ్ల క్రిందట ఒక మహాసభలో, వలస వెళ్ళిన మన ప్రజల మధ్య సేవకు ఎవరు వెళ్తారు అని అడిగితే, నేను చెయ్యెత్తి నిలువబడ్డాను. కన్నీళ్ళతో నిలువబడ్డాను. చాలాసార్లు ఈ సాక్ష్యము చెప్పియున్నాను. మా ఇంటావిడకు ఆ సంగతి ప్రక్క వీధివారి వలన తెలిసినదని మాత్రము ఎన్నడూ చెప్పలేదు. ఆమె ఏమీ అనక సామాను సర్దింది.

ఇల్లు చేరి, ఆమె బియ్యము ఏరుచుండగా ప్రక్కన కూర్చున్నాను. "ఆనాడు నిన్ను అడిగియుంటే ఏమనేదానివి?" అన్నాను.

చేట క్రింద పెట్టలేదు. "రెండు దినములు ఆలోచించి సరే అనియుండేదాన్ని. ఆ రెండు దినములు మీరు నాకు ఇవ్వలేదు" అన్నది.